పన్నెండు ఫ్రేముల నవ్వు

హాస్యనటుడు తలుపు తీస్తాడు. ఎదురుగా అప్పులవాడు. ఇద్దరి చూపులూ కలుస్తాయి. మనవాడు ఏమీ ఎరగనట్టు తలుపు మళ్లీ మూసేస్తాడు. చూపులు కలిసిన ఆ అర సెకను దగ్గరే హాలంతా ఘొల్లుమంటుంది. 35 మి.మీ. ఫిల్ములో అర సెకను అంటే 12 ఫ్రేములు, కొలిస్తే తొమ్మిది అంగుళాలు. ఊరూరా తిరిగిన ప్రింటు సరిగ్గా అక్కడే తెగిందనుకుందాం. ఆపరేటరు నలిగిన ముక్క తీసేసి రెండు కొసలూ కలిపి జాయింటు వేస్తాడు. ఆట ఆగకూడదు కాబట్టి ఆయన చేసింది సరైన పనే. కథకు లోటేమీ రాదు. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. నవ్వే రాదు.

పాత తెలుగు హాస్యచిత్రాలను కాపాడుకోవాలని ఇప్పుడిప్పుడే కొందరు ముందుకొస్తున్నారు. సంతోషం. అయితే ‘ఏదో ఒక కాపీ ఉందిగా’ అన్న మాట ఈ చిత్రాల విషయంలో చెల్లదని గట్టిగా చెప్పాల్సి ఉంది. పాటకు బాణీ ఎలాగో హాస్యానికి వ్యవధి అలాగ. వ్యవధి పోయిన కాపీలో నటులు కనిపిస్తారు, మాటలు వినిపిస్తాయి, సినిమా మాత్రం చప్పగా ఉంటుంది. చూసినవారు ‘ఆ రోజుల్లో దీనికి ఎలా నవ్వారో’ అనుకుని వెళ్లిపోతారు. తప్పు కాపీది, నింద సినిమాకు.

పెద్ద హీరోల పౌరాణికాలకు, జానపదాలకు అభిమానులున్నారు, స్వర్ణోత్సవాలున్నాయి. నలుపు తెలుపులో వచ్చి నాలుగు వారాలు ఆడి వెళ్లిపోయిన హాస్యచిత్రం గురించి అడిగే దిక్కు లేదు. నెగటివ్ ఎక్కడుందో నిర్మాత వారసులకే తెలియని సందర్భాలు ఎన్నో. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మంతా వెండే కాబట్టి, ఆడటం మానేసిన ప్రింట్లను ఆ వెండి కోసం అమ్ముకున్నారు. పుస్తకం అచ్చువేస్తే నాలుగు గ్రంథాలయాలకు ప్రతులు పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. సినిమాకు అలాంటి ప్రత్యేక చట్టం ఇప్పటికీ లేదు. పుణెలో 1964 నుంచి జాతీయ ఫిల్ము భాండాగారం ఉన్నా, అక్కడికి చేరేది ఎవరో ఒకరు పూనుకుని పంపినవే. ఈ లోటు పార్లమెంటు పూడ్చాల్సిందే. అంతవరకూ బాధ్యత డబ్బాలు ఎవరి దగ్గరున్నాయో వారిది.

ఆ డబ్బా తెరిచేవారికి మొదటి సూచన: ప్రొజెక్టరుకు ఎక్కించవద్దు. ఒక్కసారి వేసి చూద్దామన్న ఆత్రమే చాలా ప్రింట్ల ప్రాణం తీసింది. ముందు ఫిల్ము అంచు చదవాలి. 1950ల తొలినాళ్ల వరకూ నైట్రేట్ ఫిల్ము వాడకంలో ఉంది. దానికి నిప్పంటుకుంటే మండటానికి గాలి అక్కర్లేదు, కావలసిన ఆక్సిజన్‌ను అదే పుట్టిస్తుంది, నీళ్లలో ముంచినా ఆరదు. 2003 జనవరిలో పుణెలో నైట్రేట్ రీళ్లు దాచిన గది కాలిపోవడం ఈ దేశానికి తెలిసిన నష్టమే. అంచున ‘నైట్రేట్’ అన్న ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తే అది ఇంట్లో ఉంచుకునే వస్తువు కాదు, కొరియర్‌లో పంపేదీ కాదు. భాండాగారానికి కబురు చేయాలి. ఇంకో మెలిక ఉంది. నైట్రేట్ నుంచి తీసిన నకలులోకి ఆ అక్షరాలు కూడా అచ్చయి వస్తాయి. అందుకని అంచు చూసి సొంతంగా తేల్చేయకుండా తెలిసినవారికి చూపించుకోవాలి.

ఆ తర్వాతి ఫిల్ము చాలావరకు అసిటేట్. మూత తీయగానే ఘాటుగా సిర్కా (వెనిగర్) వాసన వస్తే పాడవడం మొదలైందన్నమాట. వేడికి, తేమకు ఫిల్ము నుంచి పుట్టే ఆమ్లం ఆ ఫిల్మునే తింటుంది, ఆవిరై పక్క డబ్బాలకూ అంటుకుంటుంది. 21 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న గదిలో పెట్టినా కొత్త అసిటేట్ ఈ దశకు చేరడానికి పట్టేది సుమారు 40 ఏళ్లే. మన కోస్తా గోదాముల్లో అంత వ్యవధి కూడా దొరకదు. వాసన వచ్చేవాటిని వెంటనే వేరు చేయాలి. తుప్పు రేకు డబ్బా నుంచి గాలి ఆడే పాలీప్రొపిలీన్ డబ్బాకు మార్చాలి. లోపలి కాగితాల్లో ఉన్న రాతను ఫొటో తీసుకుని కాగితాన్ని విడిగా దాచాలి. రీళ్లను పడుకోబెట్టే ఉంచాలి. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే గది కన్నా రోజంతా ఒకే తీరుగా ఉండే మామూలు గదే మేలు. చల్లారి వేడెక్కిన ప్రతిసారీ ఫిల్ము మీద తేమ చేరుతుంది.

ఫిల్ము ఎంత కుదించుకుపోయిందో కొలవడానికి యంత్రం అక్కర్లేదు, స్కేలు చాలు. కొత్త 35 మి.మీ. ప్రింటులో అంచున ఉండే వంద రంధ్రాల పొడవు 475 మి.మీ. అది 470కి దిగిందంటే ఒక శాతం కుదించుకుపోయినట్టు. పళ్ల చక్రాల మీద నడిపితే రంధ్రాలు చిరుగుతాయి. అలాంటిదాన్ని పళ్లు లేని రోలర్లతో నడిచే స్కానరుకే ఇవ్వాలి.

తర్వాత లెక్క. సినిమా మొదట్లో కనిపించే సెన్సార్ సర్టిఫికెట్‌లో నిడివి, రీళ్ల సంఖ్య ఉంటాయి. చేతితో తిప్పుతూ డబ్బాలో ఉన్నదెంతో కొలిస్తే తేడా తెలుస్తుంది. అడుగుకు 16 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు, వెయ్యడుగుల రీలు 11 నిమిషాలు. రెండు వందల అడుగులు తక్కువైతే రెండు నిమిషాలకు పైగా పోయినట్టే. ఎక్కువగా పోయేది రీలు మొదట్లో, చివర్లో. చేతులు మారినప్పుడల్లా అరిగేవి ఆ కొసలే. ఒకే చిత్రానికి రెండు ప్రింట్లు దొరికితే మంచిదాన్ని ఉంచుకుని రెండోదాన్ని పారేసే అలవాటు ఘోరమైనది. గీతలు పడిన ఆ రెండో ప్రింటులోనే మన తొమ్మిది అంగుళాలు మిగిలి ఉండవచ్చు. హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకంలోని కథాసంగ్రహం కూడా దాచదగ్గదే. ఏ సన్నివేశం లేదో పట్టిచ్చేది అదే.

జాయింటు చేసే చెరుపు ఒకచోట ఆగదు. 35 మి.మీ. ప్రింటులో శబ్దం బొమ్మకు సుమారు 20 ఫ్రేములు ముందుంటుంది. బొమ్మ తెగినచోట పక్కనే పోయిన శబ్దం ఆ బొమ్మది కాదు, సుమారు 0.8 సెకను తర్వాత రాబోయే మాటది. అంటే ఒక్క కత్తిరింపుతో ముందు చూపు పోతుంది, వెంటనే ఆ చూపుకు జవాబుగా వచ్చే మాటలో అక్షరాలు పోతాయి, ఆ రెంటి నడుమ పెదవులకూ మాటకూ పొంతన ఉండదు. బొమ్మను ఒక ప్రింటు నుంచి, శబ్దాన్ని మరో ప్రింటు నుంచి తెచ్చి అతికేటప్పుడు ప్రతి జాయింటు దగ్గరా ఈ లెక్క చూసుకోవాలి.

స్కానింగ్‌కు చోటు ఎంత కావాలో ముందే అంచనా వేసుకోవాలి. 4కె లో, అంటే అడ్డంగా సుమారు నాలుగు వేల చుక్కల స్పష్టతలో, ఒక్కో ఫ్రేము సుమారు 51 మెగాబైట్లు. రెండున్నర గంటల చిత్రానికి 2,16,000 ఫ్రేములు, మొత్తం 11 టెరాబైట్లు. 2కె అయితే అందులో నాలుగో వంతు. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో. ఇందులో బేరాలు వద్దు.

అసలు ప్రమాదం స్కానింగ్ తర్వాత వస్తుంది. దుమ్ము తుడిచే సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? ముందు ఫ్రేములోనూ వెనక ఫ్రేములోనూ లేకుండా, ఒక్క ఫ్రేములోనే కనిపించిన దాన్ని మచ్చగా ఎంచి చెరిపేస్తుంది. కుటుంబ కథాచిత్రానికి దీనితో పెద్ద ఇబ్బంది ఉండదు. హాస్యచిత్రంలో ఎగిరే పళ్లెం, విసిరిన చెప్పు, ముఖాన చిమ్మిన నీళ్లు, అన్నీ ఒక్కో ఫ్రేములో ఒక్కోచోట ఉండే వస్తువులే. సాఫ్ట్‌వేర్‌కు అవి దుమ్ము. భార్య చేతిలో పళ్లెం ఉంటుంది, తర్వాత భర్త నుదుటి మీద బొప్పి ఉంటుంది, మధ్యలో పళ్లెం ఉండదు. విసురు, పరుగు, పెనుగులాట ఉన్న షాట్లలో ఆటోమేటిక్ శుభ్రత ఆపేసి మనిషి చేత్తో చేయాలి. శబ్దంలోనూ అంతే. మాటల వెనక వినిపించే బుసను పూర్తిగా తీసేస్తే మాటకు ముందు నటుడు పీల్చుకున్న ఊపిరీ పోతుంది. కాస్త బుస ఉండనివ్వడమే నయం.

ఫిల్మే దొరక్క పాత టీవీ టేపు ఒక్కటే మిగిలితే దాన్నీ వదులుకోరాదు. కాకపోతే దాని తప్పులు దిద్దాలి. సెకనుకు 24 ఫ్రేముల చిత్రాన్ని టీవీ కోసం 25తో నడిపినప్పుడు 150 నిమిషాల సినిమా 144కు తగ్గింది, గొంతులు సన్నబడ్డాయి. వేగాన్ని తిరిగి 24కు తేవాలి. వెడల్పు తెర నిండాలని పైనా కిందా కోస్తే బొమ్మ ఎత్తులో దాదాపు నాలుగో వంతు పోతుంది. పోయేది తలపాగా, పాదాలు. జారిపడే హాస్యంలో పాదాలు లేకపోతే మిగిలేదేముంది? పక్కన నల్లని పట్టీలు ఉంటే ఉండనివ్వండి.

పదిమందికి చూపించడానికి చట్టం అనుకున్నంత అడ్డమేమీ కాదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1960లో వచ్చిన చిత్రం హక్కు 2020 చివరికి తీరిపోయింది. కథ, పాటల రచయితల హక్కులు మాత్రం వారి మరణానంతరం 60 ఏళ్లు సాగుతాయి కాబట్టి పాటలను విడిగా వాడుకునేవారు జాగ్రత్తపడాలి. లాభాపేక్ష లేని పౌర గ్రంథాలయం తన దగ్గరున్న ప్రతిని పరిరక్షణ కోసం డిజిటల్‌గా దాచుకోవడానికి సెక్షన్ 52 అనుమతిస్తోంది. హక్కుదారు ఎవరో తేలని చిత్రాలకు సెక్షన్ 31ఎ కింద లైసెన్సు కోరవచ్చు.

సబ్‌టైటిళ్లు వేసేవారికి ఒక విన్నపం. ప్రశ్న, జవాబు ఒకే కార్డులో పెట్టవద్దు. నటుడు నోరు తెరవకముందే ప్రేక్షకుడు జవాబు చదివేస్తాడు. శ్లేషను అనువదించలేకపోతే అర్థం వివరించకుండా ఆ స్థానంలో మరో మాట వెతకాలి. ఇంటర్నెట్‌లో పెట్టడంతో సరిపెట్టకుండా హాల్లో కూడా వేయాలి. నవ్వు సద్దుమణిగేదాకా మరో మాట పడకుండా నాటి ఎడిటర్లు ఖాళీ వదిలారు. ఫోనులో ఒంటరిగా చూసేవారికి అది సాగదీతలా ఉంటుంది. నూరుమంది మధ్య కూర్చుంటే ఆ ఖాళీ ఎందుకో తెలుస్తుంది.

సొంతంగా రీళ్లు పోగుచేసినవారిని దొంగల్లా చూసే ధోరణి మానాలి. 1927 నాటి లారెల్, హార్డీ ‘ది బ్యాటిల్ ఆఫ్ ది సెంచరీ’ రెండో రీలు దశాబ్దాల పాటు తునకలుగానే తెలుసు. 2015లో అది దొరికింది ఓ సేకర్త పోగుచేసిన రీళ్లలోనే. చాప్లిన్ పోలీసుగా కనిపించే 1914 నాటి ‘ఎ థీఫ్ క్యాచర్’ 2010లో బయటపడింది, పాత వస్తువుల అమ్మకంలో కొన్న 16 మి.మీ. రీలుగా. మన దగ్గరా పాత టూరింగ్ టాకీస్ యజమానుల ఇళ్లలో, పంపిణీదారుల అటకల మీద ఏముందో ఎవరూ చూడలేదు. ‘ఎక్కడిది, ఎలా వచ్చింది’ అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఆ తలుపులు తెరుచుకోవు.

రెండు తెలుగు రాష్ట్రాల చలనచిత్రాభివృద్ధి సంస్థలు వానాకాలం రాకముందే జిల్లా కేంద్రాల్లో పరీక్షా శిబిరాలు పెట్టాలని కోరుతున్నాం. పెద్ద ఖర్చేమీ కాదు. ఆమ్లాన్ని పట్టిచ్చే రంగు పట్టీలు ఉన్నాయి. డబ్బాకు ఒకటి లోపల పెట్టి మూత వేసి ఒక రోజు ఉంచితే చాలు. నీలం నీలంగానే ఉన్న రీళ్లు చల్లని గదికి పోవాలి. ఆకుపచ్చకు తిరిగినవి స్కానింగ్ వరుసలో చేరాలి. పసుపుకు వచ్చినవాటిని అదే వారం స్కానరు మీదికి ఎక్కించాలి.