నిదానంగా దూకే గుర్రం మనకెందుకు?

నాందేడ్ జిల్లాలో, ముఖ్యంగా దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ వైపు తెలుగువాళ్లలో ఒక ప్రమాదకరమైన ధోరణి ప్రబలుతోంది. వానాకాలమంతా కట్టేసిన గుర్రాన్ని మళ్లీ దూకించాలంటే ముందు వారాల తరబడి నడిపించాలట. దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను.

గుర్రం తెలియని జనమా మనం? మార్గశిరం వచ్చిందంటే లోహా తాలూకా మాలెగావ్‌లో ఖండోబా జాతర. అక్కడ ముందుకాళ్లు గాల్లోకి లేపి, పట్టుకున్నవాణ్ని ఈడ్చుకుపోయే గుర్రం చుట్టూనే జనం. బారాత్‌లో బ్యాండుకు బెదిరి వణికే గుర్రాన్ని చూసి, డ్యాన్స్ చేస్తోందని నోట్లు తిప్పే సంస్కృతి మనది.

నల్లరేగడి బురదలో కాలు జారుతుందని గుర్రాన్ని పాకలోనే ఉంచారు, సరే. పని లేకపోయినా ఉలవలు తగ్గించలేదు, మర్యాద ఉండాలి కదా. ఇప్పుడది అడ్డకర్ర కనబడగానే తల ఎగరేసి దూసుకుపోతోంది. "మామా, గుర్రం మస్తు జోష్ మీదుంది" అని మేనల్లుడు మురిసిపోతుంటే, "జోష్ కాదు, భయం. లేదంటే నొప్పి. ముందు వీపు నొక్కి చూడండి" అంటాడు శిక్షకుడు. జీను సరిపోతోందా, పళ్ల అంచులు బుగ్గల్ని కోస్తున్నాయా, నాడాలు ఎప్పుడు మార్చారు? పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలుండవు.

ఆ తర్వాతిది మరీ ఘోరం. ఊపిరి, కండ త్వరగానే కుదురుకుంటాయట. స్నాయువులు, ఎముకలు మళ్లీ గట్టిపడటానికి నెలలు పడుతుందట. అందుకే గుర్రం సిద్ధంగా ఉన్నట్టు కనిపించినా నమ్మకూడదట. ముందు నడక, తర్వాత ట్రాట్ అనే చిన్న పరుగు, ఆపైన నేల మీద పరిచిన కర్రలు. దూకడానికి కాదండీ, దాటి నడవడానికి! ట్రాట్‌కైతే కర్రకూ కర్రకూ మధ్య సుమారు నాలుగున్నర అడుగులు. గుర్రం తొందరపడితే కొట్టకూడదు, కళ్లెం గుంజకూడదు. ఒక చుట్టు తిప్పి, అది నెమ్మదించాక మళ్లీ తీసుకురావాలి. మెడ దించి కుదురుగా దాటడం అలవాటయ్యాకే రెండు కర్రల్ని ఎక్స్ ఆకారంలో, మోకాలి ఎత్తు కూడా లేకుండా నిలబెట్టాలి. అడుగు సరిచూసుకోవడానికి దానికి తొమ్మిది అడుగుల ముందు నేల మీద ఇంకో కర్ర. బాగా దూకిందా, ఇక చాలని దిగిపోవాలి. వీడియో తీయడానికి ఫోన్ బయటికి తీసేలోపే! అదీ వారానికి ఒకట్రెండు రోజులే.

వీటన్నిటికన్నా అవమానం ఇంకోటుంది. పగ్గాలు బిగించి, ఊపిరి బిగబట్టే రవుతు టెన్షనే గుర్రానికి పాకుతుందట. దూకేటప్పుడు దాని మెడను వదిలేయాలని ఇటలీ సైన్యంలో ఫెదెరికో కాప్రిల్లి అనే అధికారి నూరేళ్ల కిందటే తేల్చాడట. ముక్కుకు సూటిగా, బాగా దగ్గరగా ఉన్నది గుర్రానికి కనబడదు కాబట్టి తల కదిపే వీలివ్వాలట. కనబడకుండా దూకడమే కదా ధైర్యం! రైతుబంధు చూసి, మమ్మల్ని తెలంగాణలో కలపండని ఆ మధ్య అడిగిన ఊళ్లు మావి. రాష్ట్రాన్నే ఎగిరి దాటాలనుకున్నవాళ్లం, గుర్రాన్ని నడిపిస్తూ కూర్చోవాలా?

1949 ఫిబ్రవరి 5న చిలీలో కెప్టెన్ అల్బెర్తో లారాగిబెల్, ఉవాసో అనే 16 ఏళ్ల గుర్రం మీద 2.47 మీటర్ల ఎత్తు దూకాడు. ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. ఎందుకు చెదురుతుంది? ప్రపంచమంతా నేల మీద కర్రలు పరుస్తూ కూర్చుంటే!

కాబట్టి మాలెగావ్ జాతర లోపే ఈ కర్రలన్నీ ఏరించి పొయ్యిలో పెట్టించాలని డిమాండ్ చేస్తున్నాను. ఈలోగా ఎవరైనా కింద పడితే, తప్పు గుర్రానిదేనని పంచనామాలో రాయించే బాధ్యత మేనల్లుడిది.