లేన్ మీది నూనె గారికి ఒక బౌలర్ విన్నపం

మహారాజశ్రీ లేన్ నూనె గారికి, అమెరికాలో వారం వారం పది పిన్నులు పడగొట్టే బౌలింగ్ లీగ్ ఆడే ఒక కుడిచేతి బౌలర్ నమస్కరించి రాయునది.

తమరు ఈ ఆటలోకి వచ్చింది లేన్‌కి, అంటే బాల్ దొర్లే సన్నటి దారికి, పరిచిన మేపుల్, పైన్ చెక్కల పాలిష్‌ను కాపాడటానికి. ఇప్పుడు చాలా సెంటర్లలో చెక్కే లేదు, అంతా సింథటిక్. అయినా తమరికి రిటైర్‌మెంట్ రాలేదు సరికదా, ప్రమోషన్ వచ్చింది.

మేం దాటకూడని ఫౌల్ లైన్ నుంచి అన్నిటికంటే ముందుండే హెడ్‌పిన్ దాకా 60 అడుగులు. అందులో సుమారు 40 అడుగులు తమరి రాజ్యమే. మామూలు రోజుల్లో మధ్యలో దండిగా, రెండు అంచుల్లోని గటర్ల (కాలువల) పక్కన పలచగా ఉంటారు కాబట్టి బాల్ కాస్త బయటికి పోయినా పొడిచోటు పట్టుకుని లోపలికి తిరుగుతుంది. టోర్నమెంట్లలో తమరిని పరిచే తీరులో (ప్యాటర్న్‌లో) ఆ దయ ఉండదు. తమరి పొడవులోంచి 31 తీసేస్తే బాల్ మలుపు తిరగాల్సిన బోర్డు (లేన్ వెడల్పులో ఒక సన్నటి పట్టీ) వస్తుందంటారు: 40 అడుగులైతే తొమ్మిదో బోర్డు. లెక్క బాగానే ఉంది, తమరే ఉన్నచోట ఉండరు.

రెండో గేమ్‌కల్లా మా రియాక్టివ్ రెసిన్ బాల్స్ మిమ్మల్ని తాగేస్తాయి. బాల్ నడిచే దారి ఎండి, బాల్ ముందే తిరిగి హెడ్‌పిన్‌కి ఎడమపక్కకి, మేం బ్రూక్లిన్ అనే వైపు పోతుంది. పక్కన యురేథేన్ బాల్ వాడే పెద్దమనిషి ఉన్నాడా, ఇక చెప్పక్కర్లేదు. ఆ బాల్ అంతగా తాగదు, మిమ్మల్ని పిన్నుల వైపు ఈడ్చుకుపోతుంది. అప్పుడు నా బాల్ తిరగడమే మానేస్తుంది. ఇంత జరుగుతున్నా, కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసినా తమరు కనబడరు.

అందుకే ఈ చక్రాల సంచులు. నూనెకు గరుకు బాల్, ఎండినప్పుడు నున్నటి బాల్, మొదటి బాల్‌కి మిగిలిపోయిన పదో పిన్‌ని పడగొట్టే స్పేర్‌కి నిటారుగా పోయే ప్లాస్టిక్ బాల్. ఇక్కడితో ఆగితే న్యాయమే. ఆరు లాక్కొచ్చేవాళ్ళున్నారు! "అన్నీ గుండ్రంగానే ఉన్నాయి కదండీ, మళ్ళీ ఎందుకూ?" అని మా ఆవిడ అడిగితే బాల్స్ అమ్మే ప్రో షాపువాడు కూడా జవాబు చెప్పలేడు. రెండు బోర్డులు ఎడమకు జరిగి నిలబడితే తీరే చిక్కుకి కొత్త బాల్ కొనిపిస్తున్నది తమరి పేరు చెప్పే. ఇంట్లో 2000 గ్రిట్ రుద్దుడు ప్యాడ్‌తో మెరుపు తీస్తే పాత బాలే ఇంకోలా నడుస్తుంది. సర్టిఫైడ్ లీగ్‌లో ఆట మొదలయ్యాక మాత్రం అలా రుద్దకూడదు.

విన్నపం ఒక్కటే. టీవీలో ప్రొఫెషనల్ పోటీలకు నీలం రంగు పూసుకుని దర్శనమిచ్చారు కదా. వచ్చే గురువారం మా లీగ్‌కీ అలాగే దయచేయండి. ఏ రంగైనా పర్లేదు.

ఇట్లు,
తమరిని వెతుక్కుంటూ ఎడమకు జరుగుతున్న,
ఒక బౌలర్