పదమూడో నంబరు పరువు

డాలస్ శివార్లలో, అంటే ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ చుట్టుపక్కల, ఇల్లు కొన్న తెలుగువాడి పరువు ఒకప్పుడు స్కూల్ డిస్ట్రిక్ట్ రేటింగ్ మీద ఆధారపడి ఉండేది. ఈమధ్య అది ఫర్నేస్ ఫిల్టర్ మీదికి, అంటే ఇల్లంతటికీ ఉండే ఏసీ, హీటరు యంత్రంలోకి పోయే గాలిని వడకట్టే అట్టచట్రం మీదికి, మారింది. హర్షించదగ్గ పరిణామం. గృహప్రవేశానికి వెళ్తే ప్రసాదం చేతిలో పడకముందే ఇంటాయన హాల్లోకి తీసుకెళ్లి, ఇంట్లో గాలిని యంత్రంలోకి లాగే రిటర్న్ గ్రిల్ తెరిచి, "మాది మెర్వ్ పదమూడండీ" అంటాడు. మనది ఎనిమిదే అని పొరపాటున బయటపడ్డామో, ఆ పూట పులిహోర కూడా సహించదు.

తెలియనివారి కోసం: మెర్వ్ అనేది ఆష్రే అనే ఇంజినీర్ల సంఘం పెట్టిన కొలత. నంబర్లు 1 నుంచి 16 వరకు. ఎంసెట్‌లో తగ్గేకొద్దీ గొప్ప, ఇక్కడ పెరిగేకొద్దీ గొప్ప. ఆ ఒక్క తేడా గుర్తుంచుకుంటే మిగతాదంతా చిన్నప్పట్నుంచీ మనకు అలవాటైన విద్యే. ఎనిమిదో నంబరు ఫిల్టర్ 3 నుంచి 10 మైక్రాన్ల (మైక్రానంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) రేణువుల్లో కనీసం 70 శాతం ఆపాలి. మామూలు దుమ్ము, బూజు రేణువులు ఆ లెక్కలోకే వస్తాయి. పదమూడైతే 0.3 నుంచి 1 మైక్రాన్ దాకా ఉండే పొగ రేణువుల్లో కూడా కనీసం సగం ఆపాలి. అవును, సగమే. ఈ సగం సంగతి గ్రిల్ తెరిచి చూపించేటప్పుడు ఎవరూ చెప్పరు.

అలాగని పదమూడుని తీసిపారేయలేం. 2023 జూన్‌లో కెనడా అడవుల పొగ న్యూయార్క్, న్యూజెర్సీల మీదికి దిగి ఆకాశం నారింజరంగుకి తిరిగినప్పుడు, ఎడిసన్‌లో ఉన్న మనవాళ్లకి ఆ సగమే కొండంత అండ.

మనకు నంబర్లంటే ఎంత మోజో షాపులవాళ్లకీ తెలుసు. హోమ్ డిపోలో ఎఫ్‌పీఆర్ అని 4 నుంచి 10 వరకు సొంత లెక్క. త్రీఎమ్ కంపెనీ ఫిల్ట్రీట్ మీద ఎంపీఆర్ అని వందల్లో, వేలల్లో ఇంకో లెక్క. హోమ్ డిపో 10, ఫిల్ట్రీట్ 1900, మెర్వ్ 13 దాదాపు ఒకే తరగతి. అయినా 1900 వాడికి 13 వాడంటే చిన్నచూపే.

ఇంతకీ ఆ అట్టచట్రం పుట్టింది మన ముక్కు కోసం కాదు. గాలి తోసే బ్లోయర్‌కీ, దాన్ని చల్లబరిచే కాయిల్‌కీ దుమ్ము పట్టకూడదని. మనం దాన్ని ఆస్థాన వైద్యుడి హోదాకి పెంచాం. ఒక అంగుళం గాడిలో దొరికినంత దట్టమైన ఫిల్టర్ దోపి, మార్చడం మరిచిపోతే గాలి లాగలేక బ్లోయర్ ఆపసోపాలు పడుతుంది. చలికాలంలో ఫర్నేస్ లోపల వేడెక్కిపోయి వేడి మితిమీరితే మంట ఆపేసే లిమిట్ స్విచ్ కొట్టేస్తుంది. జూలైలో బయట నూట ఐదు డిగ్రీల (ఫారెన్‌హీట్) ఎండ కాస్తుంటే కాయిల్ మీద మంచు గడ్డకడుతుంది. ఇక్కడ చాలా ఇళ్లలో యూనిట్ అటక మీదే కాబట్టి, ఆ మంచు కరిగి మాస్టర్ బెడ్‌రూమ్ సీలింగ్ మీద కొత్త రాష్ట్రాల మ్యాపు గీస్తుంది. మెకానిక్ వచ్చి, అటకెక్కి దిగి, ఏమీ మాట్లాడకుండా ఫిల్టర్ బయటికి లాగి చూపిస్తాడు. మడతల మధ్య కుక్క బొచ్చు, పిల్లదాని గ్లిటరు, ఒక ఆవగింజ. చట్రం అంచున మార్కరుతో రాసిన తేదీ పోయిన దీపావళి ముందుది. నంబరు మాత్రం పదమూడే.

నాలుగంగుళాల ఫిల్టర్ పట్టే పెట్టె పెట్టించుకుంటే మడతలు ఎక్కువై, పదమూడైనా గాలి ఇబ్బంది లేకుండా ఆడుతుంది, ఆరునెలలకో ఏడాదికో మారిస్తే సరిపోతుంది. కానీ అది అటక మీద ఉంటుంది. అక్కడికి చుట్టాలు ఎక్కరు. పెట్టించి ఏం లాభం?

సైజు దగ్గర మరో న్యాయపోరాటం. అట్ట మీద 16×25×1 అని ఉంటుంది. ఇంటాయన టేపు పెట్టి కొలుస్తాడు. అన్ని వైపులా కాస్త తక్కువ. మోసం! నిజానికి గాడిలో సులువుగా దూరాలని అలాగే చేస్తారు, అసలు కొలత పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆయన దాన్ని వాపసిచ్చి, వేరే సైజు తెచ్చి, మిగిలిన రెండంగుళాల సందు చూసి తృప్తిగా గ్రిల్ మూసేస్తాడు. గాలికి పదమూడో నంబరుతో కుస్తీ పట్టాల్సిన అవసరం ఏముంది? సందులోంచి చక్కగా వెళ్లిపోతుంది.

అంచు మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. ఇది ఈశాన్యం వైపుండాలా అని ఆరా తీసినవారున్నారు. ఉండక్కర్లేదు. బాణం బ్లోయర్ వైపు ఉండాలి, బ్లోయర్ ఏ మూలనుంటే ఆ మూలకి. వాస్తు పండితులు దీని మీద ఇంకా నోరు విప్పలేదు, మన అదృష్టం.

అన్నిటికంటే రసవత్తరమైన ఘట్టం మార్చి, ఏప్రిల్ నెలల్లో. ఓక్ పుప్పొడి కార్ల మీద పొరలు కడుతుంది, ఇంటిల్లిపాదీ తుమ్ముతారు, ఇంటాయన ఫిల్టర్ని తిడతాడు. పాపం, దానికి డ్యూటీయే లేదు. బయట హాయిగా ఉందని ఏసీ నడవదు, హీటరూ నడవదు. థర్మోస్టాట్‌లో ఫ్యాను ఆటో మీద ఉంటుంది కాబట్టి బ్లోయర్ తిరగదు. బ్లోయర్ తిరక్కపోతే ఫిల్టర్ గుండా గాలి పోదు. దీనికితోడు, మంచి గాలి రావాలని కిటికీలన్నీ బార్లా.

ఇక పోపు. స్టవ్ మీదున్న మైక్రోవేవ్ ఫ్యాను చాలా ఇళ్లలో పొగని బయటికి పంపదు. కాస్త బొగ్గు ఫిల్టర్లోంచి తిప్పి మళ్లీ మీ మొహానే ఊదుతుంది. ఎండుమిర్చి మాడగానే స్మోక్ అలారం కేకలు, పెద్దాయన కుర్చీ ఎక్కి తువ్వాలు విసరడం, "తలుపు తియ్యవే" అని అత్తగారి అరుపు. ఈ గొడవలో ఎవరో ఒకరు "మెర్వ్ పదహారు వేయించాల్సింది" అంటారు. ఇంగువ వాసన రేణువు కాదు, ఆవిరి. దాన్ని ఏ నంబరూ ఆపదు. ఆపాలంటే వాసన పీల్చే బొగ్గు, అదే యాక్టివేటెడ్ కార్బన్, దండిగా ఉండాలి, అంగుళం ఫిల్టర్లో ఉండేది పైపూత. అత్తగారు చెప్పిన తలుపే నయం.

మతిమరుపుకి విరుగుడుగా చాలామంది ఆన్‌లైన్లో సబ్‌స్క్రిప్షన్ కట్టారు. మూణ్ణెల్లకో పెట్టె ఠంచనుగా వస్తుంది, ఠంచనుగా గరాజులో చేరుతుంది. ఒకాయన గరాజులో కారు పట్టక రోడ్డు మీద పెడుతున్నాడు. గ్రిల్ వెనక ఉన్నది ఇప్పటికీ ఇంటితోపాటు బిల్డర్ ఇచ్చిందే. వీటికి ఎక్స్‌పైరీ ఉంటుందా అని ఆయన వాట్సాప్ గ్రూపులో అడిగాడు. ఉండదు, పొడిగా దాస్తే చాలన్నారు. అయితే మా బావమరిది వచ్చేవారం హైదరాబాద్ వెళ్తున్నాడు, ఒక సూట్‌కేసు ఖాళీయే, నాలుగు పంపుతాను, ఎవరికైనా పనికొస్తాయా అన్నాడు. ముగ్గురు చెయ్యెత్తారు. సైజు ఎవరూ అడగలేదు. పదమూడేనా అని మాత్రం అడిగారు.