మరణాలు: సీలు కింద చూడుడు

బెంగళూరులో వానలు మొదలైతే రెండు జరుగుతాయి. సిల్క్ బోర్డ్ కూడలి దగ్గర నీళ్ళు నిలుస్తాయి, వాట్సాప్‌లోకి కేసులూ మరణాల లెక్కతో సర్కారు డెంగీ బులెటిన్ వస్తుంది. నీళ్ళ మీద ఇప్పటికే చాలామంది చాలా రాశారు. బులెటిన్‌కే ఇంతవరకు తగిన విమర్శకుడు దొరకలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

మొన్న నాకు చేరిన ప్రతినే తీసుకుందాం. ఏ ఆఫీసుదో చెప్పను, కళాఖండానికి సంతకం అనవసరం. పేరుకి పీడీఎఫ్, లోపలున్నది ఫోటో. కాగితం ఎడమవైపుకి ఒరిగి ఉంది. ఓ మూల స్టేప్లర్ పిన్ను నీడ, కింద ఎవరిదో బొటనవేలు. వీటన్నిటినీ మించింది గుండ్రటి సీలు. పేజీ నిండా ఖాళీ జాగా ఉండగా అది వెళ్ళి సరిగ్గా ‘మరణాలు’ అన్న గడి మీద కూర్చుంది. కింద ఉన్నది 3 కావచ్చు, 8 కావచ్చు, ఎవరి అదృష్టం వాళ్ళది.

మా పై ఫ్లోర్‌లో ఒక ప్రొద్దుటూరు కుర్రాడున్నాడు. మారతహళ్ళి చుట్టుపక్కల తెలుగువాళ్ళలో సగంమందిలాగే వాడికీ డేటాతోనే ఉద్యోగం. కూతురికి డెంగీ వచ్చి, సెలైన్లు ఎక్కించి ఇంటికి తెచ్చుకున్నాక, మా ఏరియాలో కేసులు వారం వారం ఎలా పెరుగుతున్నాయో పటం గీద్దామని పట్టుదల పుట్టింది. ఫోటోల్లోని అంకెల్ని సాఫ్ట్‌వేర్‌తో చదివించాడు. సాయంత్రానికల్లా మొహం వేలాడేసుకుని దిగివచ్చాడు.

“అన్నా, సీలు గుండ్రంగా ఉంది కదా, అది సున్నా అని చదువుతాంది.”

“వాళ్ళకి కావలసిందీ అదేనేమో నాయనా” అన్నాను.

ఈ అంకె జన్మవృత్తాంతం కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ల్యాబ్‌లో ఎలైజా పరీక్ష, అంటే డెంగీని ఖాయం చేసే రక్తపరీక్ష, పాజిటివ్ వస్తుంది. అది కంప్యూటర్లోకి ఎక్కి, ఎక్సెల్ గడిలో శుభ్రంగా, కూడికకి సిద్ధంగా కూర్చుంటుంది. అక్కడే వదిలేస్తే ఎవడైనా చదివేస్తాడు. అందుకని ప్రింట్ తీస్తారు. దాని మీద డాక్టరుగారు సంతకం పెట్టాలి. డాక్టరుగారు మీటింగ్‌లో ఉంటారు. మీటింగ్ దేని మీద? డిజిటల్ ఆరోగ్యం మీద. సాయంత్రానికి సంతకం అవుతుంది, సీలుకి వేళవుతుంది. స్టాంప్ ప్యాడ్ ఎండిపోయి ఉంటుంది. ఆఫీసు వెనక డ్రమ్ములోంచి నాలుగు చుక్కలు తెచ్చి పోస్తారు. ఆ డ్రమ్ములో లార్వాలు హాయిగా ఈదుతుంటాయి, అయితే అవి వేరే సెక్షన్ పరిధి. తర్వాత స్కానింగ్. స్కానర్ రిపేరులో ఉంటుంది కాబట్టి ఫోన్. ఫోటో వాట్సాప్‌లో పై ఆఫీసుకి వెళుతుంది. అక్కడి ఆపరేటరు ఫోన్‌ని నీళ్ళ సీసాకి ఆనించి, మెడ వంచి, కళ్ళు చికిలించి, ఆ అంకెలన్నిటినీ మళ్ళీ ఎక్సెల్‌లో కొడతాడు. కొట్టి ఏం చేస్తాడు? ప్రింట్ తీస్తాడు.

ఈలోగా డ్రమ్ములో గుడ్డు దోమైపోతుంది. డెంగీని మోసే ఏడిస్ దోమకి ఆ పనికి పట్టేది వారం, పది రోజులే. దానికి పై ఆఫీసు సంతకం అక్కర్లేదు.

చట్టాలు, వేదికలు లేవని ఎవరూ అనుకోకూడదు. దేశంలో అంటువ్యాధుల మీద నిఘాకి 2004లోనే ఐడీఎస్‌పీ అనే కేంద్ర కార్యక్రమం పెట్టారు. ఆరోగ్య కార్యకర్త లక్షణాలు చూసి నింపేది ఎస్ ఫారం, డాక్టర్ అనుమానంతో నింపేది పీ ఫారం, ల్యాబ్ తేల్చాక నింపేది ఎల్ ఫారం. 2021 ఏప్రిల్‌లో ఇదంతా ఒక ఆన్‌లైన్ వేదికకి మార్చి ఐహెచ్ఐపీ అన్నారు. మంచి పని, వెటకారం కాదు. లోపలికి వెళ్ళడానికి లాగిన్ కావాలి, అంతే. ఇక ప్రజల డబ్బుతో సేకరించిన, రహస్యం కాని డేటాని యంత్రాలు చదవగలిగే రూపంలో ఇవ్వాలని 2012లోనే కేంద్రం ఒక విధానం ప్రకటించింది. యంత్రం అంటే జిరాక్స్ మిషన్ అనుకున్నారు కాబోలు.

పోనీ అంకె చేతికి చిక్కింది. అది ఎక్కడిది? బెంగళూరులో 198 వార్డులుండేవి. 2022లో వాటిని 243 చేశారు. 2023లో ఆలోచించి 225 అన్నారు. 2025లో కార్పొరేషన్‌నే అయిదు ముక్కలు చేసి వార్డుల్ని 360 దాటించారు. నిరుటి కంటే మీ వార్డులో కేసులు తగ్గాయని ఎవరైనా చెబితే, జ్వరం తగ్గిందా వార్డు తగ్గిందా అని అడగండి. ప్రతి చోటుకీ మారని కోడ్ ఒకటి ఇస్తే ఈ గొడవ ఉండదు. మా మారతహళ్ళినే ఇంగ్లీషులో ముగ్గురు మూడు స్పెల్లింగులతో రాస్తారు. కంప్యూటర్‌కి అవి మూడు ఊళ్ళు, మూడింట్లోనూ కేసులు తక్కువే.

ఏది కేసు అన్నది ఇంకో రసవత్తర ఘట్టం. ప్రైవేటు ఆస్పత్రిలో నిమిషాల్లో తేల్చే కార్డు టెస్టు పాజిటివ్ వచ్చి, ప్లేట్‌లెట్లు పడిపోయి, ఇంటిల్లిపాదీ బొప్పాయి ఆకుల కోసం పరిగెత్తినా, ఎలైజా చేయనిదే మీరు లెక్కలో అనుమానితులు మాత్రమే. 2014లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్ అండ్ హైజీన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. 2006–2012 మధ్య మన దేశం ఏడాదికి సగటున 20 వేల చిల్లర డెంగీ కేసులు చూపిస్తే, అసలు సంఖ్య దాదాపు 58 లక్షలని ఆ అంచనా. 282 రెట్లు. అన్ని లక్షలమంది జ్వరంతో మూలుగుతూ పడుకుంటే, ఫారంలో గడి లేదని మనం వాళ్ళని లేపి పంపించేశాం.

బ్రిటన్ వాళ్ళకి ఈ విషయంలో మన సాయం అవసరం. 2020 అక్టోబరులో అక్కడ పాత రకం ఎక్సెల్ ఫైలులో వరసలు 65,536 దాటితే పట్టవని మరిచిపోయి, 15,841 కోవిడ్ కేసుల్ని పోగొట్టుకున్నారు. దేశమంతా రచ్చ. అమాయకులు, ఫైలులో పెట్టారు కాబట్టే పోయిందని తెలిసింది. ఫోటోలో పెడితే తెలిసేదా?

ఇక్కడ కోవిడ్ లెక్కల్ని బతికించింది ఎవరో మరిచిపోయారా? 2020 మార్చి నుంచి 2021 అక్టోబరు 31 దాకా కోవిడ్19ఇండియా అనే వాలంటీర్ల బృందం. రాష్ట్రాలు వదిలిన బులెటిన్లని రోజూ చదివి, ఒకే పట్టికలోకి ఎక్కించి, ఎవరైనా వాడుకోండని బయట పెట్టారు. పేపర్లూ పరిశోధకులూ అందరూ అదే వాడారు. కంప్యూటర్‌లో ఉన్న అంకెని జీతం తీసుకుని బొమ్మగా మార్చినవాళ్ళు కొందరు, జీతం లేకుండా మళ్ళీ అంకెగా మార్చినవాళ్ళు కొందరు.

గట్టిగా అడిగితే ‘రోగుల గోప్యత’ అంటారు. అబ్బ, ఎంత సున్నితం! 2020 మార్చిలో విదేశాల నుంచి వచ్చి ఇళ్ళలో క్వారంటైన్‌లో ఉన్నవాళ్ళ చిరునామాలు, డోర్ నంబర్లతో సహా, ఇదే రాష్ట్రంలో జాబితాగా బయట పెట్టినప్పుడు ఆ గోప్యత ఏ గంగలో దూకింది? మేమడిగేది పేర్లు కాదు, డోర్ నంబర్లు కాదు. ఏ వార్డు, ఏ వారం, ఏ పరీక్ష, ఎంతమంది. ఇంతే.

నవ్వు ఇక్కడితో సరి. 2017 జనవరిలో అహ్మదాబాద్ బాపూనగర్ ప్రాంతంలో ఒక గర్భిణికి జికా ఉన్నట్టు ల్యాబ్‌లో తేలింది. కడుపులోని బిడ్డ మెదడుని ఎదగనివ్వకుండా చేయగల వైరస్ అది. ఆ ఏరియాలో మొత్తం మూడు కేసులు. ఊరికి ఆ సంగతి ఎప్పుడు తెలిసింది? మే చివర్లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటన వచ్చాక. ఆ నాలుగు నెలలూ ఆ వీధుల్లో గర్భిణులు ఆ సంగతి తెలియకుండానే తిరిగారు. జనం భయపడతారట, అందుకని చెప్పలేదట! భయపడనివ్వండయ్యా. భయపడితే తలుపులు వేసుకునేవాళ్ళు, తొట్లు కడుక్కునేవాళ్ళు. వాళ్ళ బిడ్డల మీద నిర్ణయం తీసుకునే హక్కు మీ ఫైలుకి ఎవరిచ్చారు?

2024 సెప్టెంబరులో కర్ణాటక డెంగీని ఎపిడెమిక్ వ్యాధిగా నోటిఫై చేసింది. పట్టణంలో ఇంట్లో నీళ్ళు నిలవుంచితే 400 రూపాయల జరిమానా. అంకెలు నిలవుంచిన వాళ్ళకి ఎంతో ఆ నోటిఫికేషన్‌లో రాయడం మరిచారు.

మా ప్రొద్దుటూరు కుర్రాడు ఊరుకోలేదు. పటం వేయడానికి ఎక్సెల్ ఫైలు ఇప్పించండని సమాచార హక్కు కింద అర్జీ పెట్టాడు. జవాబు కన్నడంలో వస్తే చదివి చెప్పమని నా దగ్గరికి తెచ్చాడు. సదరు ఫైలు సిద్ధంగా ఉందట. పేజీకి 2 రూపాయల చొప్పున కట్టి, స్వయంగా వచ్చి తీసుకెళ్ళాలట. వాడు ఆఫీసుకి సెలవు పెట్టి, పెద్ద బ్యాగు వెతుక్కుంటున్నాడు.