గంగిరెద్దులాయన్ని కట్టేసి కొట్టమంటున్న ఆ మెసేజ్ గురించి

నెలగంట పెట్టారో లేదో ఆ మెసేజ్ మళ్ళీ బయల్దేరింది. "గోదావరి జిల్లాల్లోకి దొంగల ముఠాలు దిగాయి. పగలు రకరకాల వేషాల్లో వచ్చి ఇళ్ళు చూసుకుంటారు, రాత్రికి దోచుకుంటారు. ఈ జాగ్రత్తలు అందరికీ పంపండి" అని మొదలవుతుంది. ఏ ఊరో ఉండదు, ఏ తేదీయో ఉండదు, ఏ స్టేషన్లో కేసు పెట్టారో ఉండదు. చుట్టాల గ్రూపులో మా బావ పంపాడు, స్నేహితుల గ్రూపులో ముగ్గురు పంపారు. వద్దని చెబితే మర్నాడు ఇంకొకరు. అందుకే వరసగా జవాబు రాస్తున్నాను.

గేటు పక్కన సుద్ద గుర్తులుంటే దొంగలు ఆ ఇంటి మీద కన్నేసినట్టేనట. పల్స్ పోలియో వాళ్ళు చుక్కలు వేసి వెళ్తూ గోడ మీద సుద్దతోనే రాస్తారు. గుమ్మంలో మగవాళ్ళ చెప్పులు పెట్టమన్నారు, పెట్టుకోండి. ఊరెళ్తే వరండాలో లైటు వేసి వెళ్ళమన్నారు. మిట్టమధ్యాహ్నం కూడా వెలిగే లైటు ఇంట్లో ఎవరూ లేరని వీధి మొత్తానికి చెబుతుంది. పక్కింటివాళ్ళకి చెప్పి వెళ్తే సాయంత్రం వేసి, పొద్దున్నే తీసేస్తారు.

"బ్యాంకు లాకర్లో పోతే పైసా రాదు, బంగారం బియ్యం డబ్బాలో దాచుకోండి" అన్నది శుద్ధ తప్పు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం దొంగతనం జరిగినా, సిబ్బంది మోసం చేసినా లాకర్ ఏడాది అద్దెకు వంద రెట్ల దాకా బ్యాంకుదే బాధ్యత. నగల విలువ అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. బియ్యం డబ్బాలో పోతే ఆ మాత్రం కూడా రాదు.

రాత్రిపూట ప్రహరీ మీద తీగ లాగి కరెంటు ఇవ్వమంటున్నారు. నాలుగడుగులు తవ్వితే నీళ్ళు పడే నేల మనది. గోడలు ఏడాదిలో సగం రోజులు చెమ్మగానే ఉంటాయి. తెల్లారుజామున ఆ తీగ తగిలేది పాలబ్బాయికి, పక్కింటి దూడకి, లేదా స్విచ్ ఆపడం మరిచిపోయిన ఇంటివాళ్ళకే. మనిషి పోతే జైలుకి వెళ్ళేది తీగ లాగినవాళ్ళు.

అన్నిటికంటే దారుణమైనది ఆరో సూచన: "అనుమానంగా కనిపిస్తే స్తంభానికి కట్టేసి నాలుగు తగిలించండి, తర్వాత పోలీసులకి చెప్పండి." ఎవరిని అనుమానించాలో జాబితా కూడా ఇచ్చారు. గంగిరెద్దుల వాళ్ళు, బుడబుక్కల వాళ్ళు, దుప్పట్లు అమ్మేవాళ్ళు, మిక్సీలు బాగుచేసేవాళ్ళు, హిందీ మాట్లాడేవాళ్ళు.

మొన్న మా వీధిలోకి ఒక గంగిరెద్దులాయన వచ్చాడు. ఎద్దు మీద అతుకుల బొంత, కొమ్ములకి ఎర్ర కుచ్చులు. వెనకాల పదేళ్ళ కొడుకు. ఎద్దు తల ఊపేలోపే ఇద్దరు కుర్రాళ్ళు బండి ఆపి ఆధార్ చూపించమన్నారు. ఆయన సన్నాయి చంకలో పెట్టుకుని, లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, మడతలు విప్పి కార్డు చూపించాడు. చూశాక కూడా ఫోటో తీసి "మన ఏరియాలో తిరుగుతున్నారు" అని గ్రూపులో పెట్టారు. ఆ ఫోటోతో పాటు ఆయన పక్క ఊరికి వెళ్ళాలి. అక్కడ ఆయనకి ఏమైనా అయితే ఎవరు బాధ్యులు? ఫోటో తీసినవాళ్ళా, ఫార్వర్డ్ చేసినవాళ్ళా?

2018 జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళన్న పుకారు నమ్మి, అడుక్కుని బతికే సంచార కులం మనుషుల్ని ఐదుగురిని పంచాయతీ ఆఫీసు గదిలో పెట్టి కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ని ఐదు చాట్లకి పరిమితం చేస్తున్నట్టు ప్రకటించింది. మన కళ్ళెదుట తీవ్రమైన నేరం చేస్తే ఆ మనిషిని పట్టుకోవచ్చు, ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ చెప్పేది ఇదీ. అనుమానం వచ్చినంత మాత్రాన కట్టేసి కొట్టమని ఏ సెక్షనూ చెప్పలేదు. ఫలానా కులంలో పుడితే దొంగే అన్న చట్టం బ్రిటిష్ వాళ్ళు 1871లో తెచ్చారు, 1952లో అది రద్దయింది. దాన్ని మీరు ఫోన్లలో మళ్ళీ అమలు చేస్తారా?

ఒక్క సూచన మాత్రం నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. వీధి కుక్కకి రోజూ ఇంత అన్నం పెట్టమన్నారు. అది మన గుమ్మం కనిపెట్టుకుని ఉంటుంది, అర్ధరాత్రి కొత్త అడుగుల చప్పుడికి వీధినంతా లేపుతుంది. కెమెరా ఆ పని చెయ్యదు.

అసలు చెప్పాల్సినవి ఆ మెసేజ్‌లో లేనే లేవు. వేలు పోసి తాళం కొంటాం, గొళ్ళేనికి మాత్రం అరంగుళం మేకులు కొడతాం. దొంగ తాళం జోలికే పోడు, గొళ్ళెంలో గునపం పెట్టి పెకిలిస్తాడు. ఆ గునపం మన పెరట్లోదే, పక్కనే గోడకి ఆనించి మన నిచ్చెన. వేసవిలో డాబా మీద పడుకుంటూ కింద పెరటి తలుపు గడియ చూసుకోం. ఆ తలుపు అడుగున చెద పట్టి ఎన్నేళ్ళయిందో కూడా చూడం. ఊరెళ్ళేటప్పుడు పోలీసు స్టేషన్లో ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) గురించి అడగండి. తాళం వేసిన ఇంట్లో పోలీసులే ఉచితంగా కెమెరా పెడతారు, లోపల మనిషి కదిలితే కంట్రోల్ రూముకి తెలుస్తుంది.

పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ఇద్దరే ముసలివాళ్ళు ఉంటున్న ఇళ్ళు మన ఊళ్ళలో వీధికి నాలుగున్నాయి. వాళ్ళ భయం నిజమైనదే. ఈ పండక్కి వచ్చినప్పుడు వడ్రంగిని పిలిచి వాళ్ళ పెరటి తలుపుకి అడ్డంగా ఇనుప పట్టీ వేయించండి, గొళ్ళేలకి అవతలి వైపు నట్టు పడే బోల్టులు బిగించమనండి. 112తో పాటు పక్కింటి నంబరు కూడా పెద్ద అక్షరాలతో రాసి ఫోను దగ్గర అంటించండి.