ట్రాక్ లేని పాట పాడకూడదా?

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లలో ఈ మధ్య పాత పాటల విభావరులు బాగానే జరుగుతున్నాయి. ఘంటసాల జయంతి అనో, బాలు వర్ధంతి అనో ఏదో ఒక సందర్భం, ఫంక్షన్ హాలు నిండుతుంది. సంతోషమే. కానీ స్టేజీ మీద వాయించేవాళ్లు కనపడటం లేదు. ఒక ల్యాప్‌టాప్, ఒక మిక్సర్, రెండు మైకులు. మిగతాదంతా కరోకే ట్రాకే, అంటే గొంతు తీసేసి వాయిద్యాలు మాత్రం ఉంచిన రికార్డే.

ఇటీవల నల్గొండలో అలాంటి కార్యక్రమానికే ఒక మిత్రుడితో వెళ్లాను. పెళ్లిళ్లకు, గణపతి నవరాత్రులకు ఆర్కెస్ట్రాలో డోలక్ వాయించినవాడు. కూర్చున్న దగ్గర్నుంచీ అతని వేళ్లు ముందు కుర్చీ మీద తాళం వేస్తూనే ఉన్నాయి. పాడుతున్నాయన పెద్దవయసు మనిషి. రెండో చరణం దగ్గర ఊపిరి అందక కాస్త ఆగాడు. ట్రాక్ ఆగలేదు. ఆయన అందుకునేసరికి వేణువు బిట్ వచ్చేసింది. మావాడు నా వైపు వంగి, "తబలా సప్పుడైతే వస్తుంది గనీ, కొట్టేటోడు ఏడిరా?" అన్నాడు.

ఆర్కెస్ట్రా ఉంటే అక్కడ ఏం జరిగేదో మావాడికి తెలుసు. కీబోర్డు ఆయన గాయకుడి మొహం చూసి ఆ బిట్టే ఇంకోసారి తిప్పేవాడు. డోలక్ ఒక ముక్తాయింపు వేసి, ఎక్కడ ఎత్తుకోవాలో చూపించేది. పాడే ఆయన గొంతుకు అందకపోతే ముందే శృతి దించుకునేవాళ్లు. ట్రాక్ నడిపే యాప్‌లోనూ శృతి దించొచ్చు, నిజమే. కానీ పాట నడుస్తుండగా మనిషిని చూసుకోవడం యాప్‌కు రాదు. హాల్లోంచి 'వన్స్‌మోర్' అంటే మళ్లీ పల్లవికి రావడమూ రాదు. పద్యనాటకాల కాలం నుంచీ ప్రేక్షకుడికి ఉన్న హక్కు అది.

రోలింగ్ స్టోన్స్ 1962లో మొదలైన బ్రిటిష్ రాక్ బ్యాండు. 2024లో కూడా అమెరికాలో టూర్ చేసింది. ఎనభై దాటిన దాని గాయకుడు మిక్ జాగర్ తన పాటలు తనే పాడాడు. మనకు ఆ అదృష్టం లేదు. ఘంటసాల 1974లో వెళ్లిపోయారు, బాలసుబ్రహ్మణ్యం 2020లో. ఆ గొంతులు ఎలాగూ రికార్డులోనే వినాలి. ఇక స్టేజీ మీద ప్రాణంతో ఉండగలిగింది వాయిద్యమే, దాన్నీ రికార్డుకు అప్పగించేస్తే జనం హాలు దాకా రావడం దేనికి?

ఖర్చు అంటారు నిర్వాహకులు. ఐదారుగురికి పారితోషికం, రిహార్సల్, రవాణా ఉంటాయి, కాదనను. కానీ అవే కార్యక్రమాల్లో ఫ్లెక్సీలకు, శాలువాలకు, మెమెంటోలకు డబ్బు దొరుకుతోంది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. చివర్లో వెనక వరుసలోంచి ఒక పెద్దాయన లేచి 'పల్లెటూరి పిల్లగాడా' పాడమని అడిగాడు. సుద్దాల హనుమంతు రాసిన పాట, 'మా భూమి' సినిమాలోనూ ఉంది. ట్రాక్ లేదన్నారు. ఆయన కూర్చున్నాడు. సాయుధ పోరాటానికి పాట కట్టిన జిల్లా ఇది. ఆ పాటకు అసలు ట్రాకుతో పనేముంది? ఎవరో ఒకరు ఎత్తుకుంటే, ఒక డప్పు తోడైతే చాలు, హాలంతా అందుకుంటుంది. ట్రాక్ ఉన్నవే పాత పాటలని తేలిపోతే, ఈ నేల పాటలు కార్యక్రమం లిస్టులోకి ఎన్నటికీ రావు. ఎవరూ నిషేధించకుండానే అవి తప్పుకుంటాయి.

మావాడి లాంటివాళ్లు ఈ జిల్లాల్లో ఇంకా ఉన్నారు. వేరే పనుల్లో పడ్డారు, చేతులు మాత్రం మరిచిపోలేదు. వచ్చే విభావరికి కనీసం సగం పాటలైనా వాళ్లతో వాయించండి, ఒక్క అరగంట జనం అడిగిన పాటలకు వదలండి. శాలువాలు తగ్గితే ఎవరూ నొచ్చుకోరు.