18 రోజుల మాట

శాసనసభలో ముఖ్యమంత్రి ఇచ్చిన మాట ఎన్నాళ్లు నిలుస్తుంది? తెలంగాణలో లెక్క తేలింది: 18 రోజులు. తాను కుర్చీలో ఉన్నంతకాలం సినిమాలకు ప్రత్యేక షోలు, టికెట్ రేట్ల పెంపు ఉండవని రేవంత్ రెడ్డి సభలో చెప్పింది 2024 డిసెంబర్ 21న. 'గేమ్ ఛేంజర్'కు తెల్లవారుజామున 4 గంటల ఆట వేసుకోండి, సింగిల్ స్క్రీన్‌లో 100, మల్టీప్లెక్స్‌లో 150 రూపాయలు పెంచుకోండి అని ఆయన ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చింది జనవరి 8న. అర్ధరాత్రి ఒంటిగంట షోకు మాత్రం ఒప్పుకోలేదట! ఒంటిగంటకు ప్రమాదమైన జనసందోహం నాలుగింటికి ఎలా క్షేమమో ఆ ఫైలు మీద సంతకం పెట్టినవారే చెప్పాలి. హైకోర్టు తప్పుపట్టాక ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. కోర్టు అడగకపోతే?

డిసెంబర్ 4 రాత్రి సంధ్య థియేటర్ దగ్గర జరిగింది అప్పుడే మరిచిపోయారా? 'పుష్ప 2' ప్రీమియర్‌ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఆ షో ఎవరూ దొంగచాటుగా వేసింది కాదు. టికెట్‌పై అదనంగా 800 రూపాయలు పెంచి అమ్ముకోమని అనుమతి ఇచ్చింది ఇదే సర్కారు. తర్వాత, ఆ రాత్రి షోకు వచ్చిన హీరో అల్లు అర్జున్‌ను అరెస్టు చేశారు. ఆయన ఒక రాత్రి జైల్లో ఉండి మధ్యంతర బెయిల్‌పై ఇంటికి రాగానే వాకిట్లో కార్లు బారులు తీరాయి. ఆసుపత్రి మెట్లెక్కినవారు లేకపోలేదు గానీ, ఆ వరసకూ ఈ వరసకూ పోలికే లేదు. (ఆ పరామర్శలను గంటల తరబడి లైవ్‌లో చూపించింది మా వృత్తివాళ్లే, ఒప్పుకుంటున్నాం.) సినిమావాళ్లను ముఖ్యమంత్రి సభలో కడిగేసింది సరిగ్గా ఈ విషయం మీదే. మరి 18 రోజుల తర్వాత ఆయన్ని ఎవరు కడగాలి?

'గేమ్ ఛేంజర్' నిర్మాత దిల్ రాజు రాష్ట్ర చలనచిత్రాభివృద్ధి సంస్థ చైర్మన్ కూడా. అడిగే చెయ్యి, ఇచ్చే చెయ్యి ఇంత దగ్గరగా ఉంటే జనం ఏమనుకుంటారో పాలకులకు తెలియదా? అవతల ఆంధ్రప్రదేశ్‌లో అయితే మాట తప్పే బెడద కూడా లేదు, ఎందుకంటే మాటే ఇవ్వలేదు. జనవరి 4న రాజమహేంద్రవరంలో ఇదే సినిమా వేడుక చూసి బైక్‌పై తిరిగి వెళ్తున్న ఇద్దరు కుర్రాళ్లు రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. అక్కడ ఒంటిగంట షో 600 రూపాయలకు నడిచింది.

వందల కోట్లు పెట్టాం, తొలి మూడు రోజుల్లో రాబట్టుకోకపోతే మునిగిపోతామని నిర్మాతలు అంటారు. కావచ్చు. కానీ ఆ మూడు రోజుల వ్యాపారం నడిచేది సీట్ల మీద కాదు, గేటు దగ్గర ఎగబడే జనం మీద. ఆ తోపులాటే పోస్టర్, ఆ తోపులాటే హీరో రేంజ్. దానికి లైసెన్సు ఇచ్చేది ప్రభుత్వం. నిండు సభలో చెప్పిన మాటను ఇలా గాలికి వదిలేస్తే రేపు వచ్చే ప్రతి పెద్ద హీరో నిర్మాతా ఈ ఫైలునే చూపిస్తాడు: 'వాళ్లకు ఇచ్చారు, మాకెందుకు ఇవ్వరు?' జవాబుందా?

ముఖ్యమంత్రి గారూ, డిసెంబర్ 21న అన్న మాటకు ఇప్పుడైనా జీవో ఇవ్వండి. అది చేతకాకపోతే, ఆ మాటలను రికార్డుల నుంచి తొలగించమని మీరే స్పీకర్‌ను కోరండి.